తల్లుల కోరస్‌లో నా మనవడు

ఆ చలికాలం ఓడలెక్కవలసినవాళ్ళ పేర్ల పలక పెట్టిన రోజు నుంచీ నేను పొద్దున్నే అంగడి దగ్గరికి వెళ్ళి చదివి వచ్చేదాన్ని. పలకను మా తెగ మూలపురుషుడి విగ్రహం కింద వేలాడదీస్తారు. మగవాళ్ళు నన్ను చూసి పక్కకు జరిగేవారు. చదువుతున్నానని ఎవరూ అనుకోలేదు. చలికి జనంలో దూరిన ముసలిదాన్ననుకున్నారు.

నాకు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. మా ఏథెన్సులో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కి, కోట గుమ్మం బయట కుమ్మరివాడలో నిలబెడతారు. మా ఆయన ఈజిప్టులో పోయాడు, ఆయన పేరు ఒక రాతి మీద ఉంది. మా అబ్బాయి సముద్రంలో పోయాడు, వాడి పేరు ఇంకో రాతి మీద ఉంది. ఏ గీత ఏ శబ్దమో ఆ రెండు పేర్లతో పోల్చుకుంటూ పోతే తక్కినవాళ్ళ పేర్లు కూడా వచ్చేశాయి.

ఇంట్లో మిగిలింది మనవడు థ్రాసోన్ ఒక్కడే. వాడి తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని సలామిస్ దీవికి వెళ్ళిపోయింది. తండ్రి యుద్ధంలో పోయాడు గనక వాణ్ణి నగరమే పెంచింది. ఏటా గింజలిచ్చింది. ఈడు వచ్చాక పండుగనాడు అందరి ముందూ నిలబెట్టి డాలు, బల్లెం, కంచు టోపీ ఇచ్చింది. డాలు మా ఇంట్లో శనగల కుండ మీద మూతగా ఉండేది. ఎలుకల బాధ తగ్గింది.

ఉత్తరాన ఒక ఊరు మా మీద తిరగబడింది. దాని మీదికే ఈ ఓడలు. నేను ఉత్తరపు గాలి దేవుడికి ఒక కోడిపుంజు మొక్కుకున్నాను, ఓడలు రేవు దాటకుండా గట్టిగా వీచమని. మొదటి పలకలో మావాడి పేరు లేదు. రెండో పలక ఉంటుందని అందరూ అంటున్నారు.

మా పక్కింట్లో లిసిల్ల అని వెల్లుల్లి అమ్ముకునే ఆవిడ ఉండేది.

"అత్తా, ఊరికే ఆ పలక చుట్టూ తిరిగితే ఏమొస్తుంది? పిల్లాణ్ణి కోరస్‌లో చేర్చు. డయొనైసస్ దేవుడి పండుగకి పాడేవాళ్ళని సైన్యంలోకి పిలవరుగా."

"ఎవరు చెప్పారే?"

"ఎవరు చెప్పేదేంటి, చట్టం. మా ఆడపడుచు కొడుకుని చూడు, పుట్టు చెవుడు. వాడు కూడా పాడతానని బయల్దేరాడు."

ఆ యేడు ఒక విషాద నాటకానికి గుంపుగా పాడుతూ ఆడే కోరస్‌ని కూడగట్టి, మేపి, బట్టలు కుట్టించే బాధ్యత నగరం హెగియాస్ అనే ఆసామి నెత్తిన పెట్టింది. కలిగినవాళ్ళు యుద్ధనౌకో నాటకమో ఏదో ఒకదాని ఖర్చు మోయాలి. నేను వెళ్ళేసరికి ఆయన వాకిట్లో కూర్చుని, పాటగాళ్ళ కోసం వంటమనిషి శుభ్రం చేస్తున్న మలుగు చేపల వంక దిగులుగా చూస్తున్నాడు. గొంతుకు మంచిదని వాళ్ళకు అవే పెడతారు.

"ఈ చలికాలం ఊళ్ళో ప్రతివాడికీ గొంతొచ్చింది ముసలమ్మా," అన్నాడు. "పోయినేడు బతిమాలినా ఒక్కడు రాలేదట."

"మావాడికి చిన్నప్పటి నుంచీ ఉందయ్యా."

"వాళ్ళ నాన్నకుందా?"

"వాడు ఓడ మునిగి పోయాడు. చివర్లో ఏం గొంతు వచ్చిందో నేను వినలేదు."

ఆయన మళ్ళీ చేపల వైపు తిరిగాడు. "రేపు తీసుకురా," అన్నాడు.

థ్రాసోన్ ఒప్పుకోలేదు.

"నేను ఆడవేషం కట్టుకుని ఏడవాలా నాయనమ్మా? మావాళ్ళంతా ఓడలెక్కుతుంటే?"

"అది దేవుడి పండుగ. చేయించేది నగరం. పాడటం కూడా నగరం పనేరా."

"నగరం మీద ఇంత భక్తి ఎప్పటి నుంచి నీకు?"

"నీకు గింజలిచ్చినప్పటి నుంచి. తిన్నవాడివి నువ్వు, భక్తి నాకు. నోరు మూసుకుని పద."

వాడి గొంతు నిజంగానే బాగుంది. తీసుకున్నారు. లిసిల్ల ఆడపడుచు కొడుకుని కూడా తీసుకోబోయారు గానీ, వాడు పాట ఆపమన్నా ఆపలేదు.

రెండో పలక వచ్చింది. అందులో వాడి ఈడు కుర్రాళ్ళందరి పేర్లూ ఉన్నాయి, వాడి పేరు తప్ప. నేను ఇంటికొచ్చి శనగలు ఉడకేశాను.

నాటకం ఇదీ. శత్రువులు ఒక ఊరిని చుట్టుముట్టారు. రాజుగారి ఒక్కగానొక్క కొడుకు గుమ్మం బయటికి పోయి చస్తే ఊరు నిలుస్తుందని దేవుడి వాక్కు. రాణి పిల్లాణ్ణి పట్టుకుని వదలదు. కోరస్ ఆ ఊరి ముసలి తల్లులు. వాళ్ళు రాణి చుట్టూ తిరుగుతూ వదలమని చెబుతారు. "మేం కన్నది మా కోసం కాదు, ఈ గోడల కోసం" అని పాట. రాసినాయనకు పిల్లల్లేరు.

పది రోజులకు వాడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"పాట నేర్పే కవి నన్ను పీకేస్తాడట. నేను తల్లిలా లేనట. చేపలమ్మేవాడు అరిచినట్టుందట."

పీకేస్తే తెల్లారేసరికి పలకలోకి ఎక్కుతాడు. నేను వాడి చేతిలోని పాట పలక లాక్కుని పొయ్యి దగ్గర కూర్చున్నాను.

"ఏదీ, చెయ్యి చూద్దాం."

వాడు గుండెలు బాదుకుంటూ మొదలుపెట్టాడు.

"ఆగు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఎవరూ గుండెలు బాదుకోరు. అది తర్వాత. వెళ్ళేటప్పుడు చెప్పుల పట్టీ సరిగ్గా కట్టుకున్నాడా లేదా అని కిందకి చూస్తారు."

"నువ్వలాగే చూశావా?"

"పాట చెప్పరా."

రోజూ అదే పని. నా నడక నేర్పాను, నడుం మీద చెయ్యి వేసుకోవడం నేర్పాను, ఏడుపు ఆపుకుంటే గొంతు ఎక్కడ బిగుస్తుందో చూపించాను. పొయ్యి ముందు వాడు ముసలి తల్లి, నేను రాణిని. వదులు వదులు అని వాడనేవాడు, వదలను అని నేననేదాన్ని. అంతా కుదిరింది, ఆ గోడల మాట తప్ప. అక్కడికొచ్చేసరికి గొంతు బోలుగా పలికేది.

"ఇది నిజమేనంటావా నాయనమ్మా?"

"రాశాడు, చెప్పు."

"నేను నమ్మకపోతే పదివేలమందికి వినపడదంటాడు ఆ కవి."

"అయితే నమ్ము."

"ఎలా నమ్మను?"

నాకు భయమేసింది. పండుగ దగ్గరపడుతోంది. అందుకని నమ్మేలా చెప్పాను. ఈ గోడలు లేకపోతే మనం ఎవరింట్లో బానిసలమో చెప్పాను. వాళ్ళ తాత గురించి, నాన్న గురించి ఎప్పుడూ చెప్పనివి చెప్పాను, కొన్ని కల్పించి చెప్పాను. వాడు పొయ్యి వంక చూస్తూ విన్నాడు. మర్నాడు మాట సరిగ్గా పలికిందని, కవి వాణ్ణి ముందు వరసలో నిలబెట్టి ఆ మాట వాడొక్కడికే ఇచ్చాడని వచ్చి చెప్పాడు.

పాటగాళ్ళ మినహాయింపు పండుగదాకానే గనక, ఇప్పుడు ఓడలు పండుగలోపల వెళ్ళిపోతే చాలు. కానీ ఉత్తరపు గాలి ఆగలేదు. నా మొక్కు సంగతి గుర్తొచ్చి పూజారి దగ్గరికి వెళ్ళాను. మొక్కు తీర్చడానికైతే పద్ధతి ఉందట గానీ, వెనక్కి తీసుకోవడానికి లేదట. పుంజుని మాత్రం ఉంచుకున్నాడు. ఓడలు రేవులోనే ఉన్నాయి, పండుగ వచ్చేసింది.

కొండవాలు మీద పైవరసల్లో ఆడవాళ్ళం కూర్చున్నాం. ముందు ఆ యేటి అనాథలు కొత్త డాళ్ళతో నడిచారు. తర్వాత నాటకం. ముఖాలకు తొడుగులు, అందరూ ముసలమ్మలే, అయినా నావాణ్ణి నడకతో పోల్చుకున్నాను. నేనే నడుస్తున్నట్టుంది. గోడల మాట వాడు అరవలేదు, మామూలుగా అన్నాడు. కొండంతా ఏడ్చింది. లిసిల్ల నా భుజం తడిపేసింది.

"అత్తా, వీడు మాట్లాడితే నా కొడుకుని నేనే తోలేసేదాన్ని."

"నీకు కొడుకుల్లేరుగా."

"అందుకే."

హెగియాస్ నాటకానికి మొదటి బహుమతి వచ్చింది. ఆ సాయంత్రం పాటగాళ్ళ మినహాయింపు ముగిసింది. గాలి కూడా ఆగింది.

మర్నాడు నేను లేచేసరికి శనగల కుండ మూత తీసి ఉంది. వాడు సంచిలో బార్లీ రొట్టెలు, జున్ను, ఉల్లిపాయలు సర్దుకుంటున్నాడు. సైన్యానికి మూడు రోజుల తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

"ఎవరు పిలిచార్రా నిన్ను?"

"ఎవరూ పిలవలేదు. దెమియాస్ ఓడలో ఒకడికి జ్వరం. వాడి బదులు నేను వస్తానన్నాను."

"జ్వరం తగ్గుతుంది! ఒకటి రెండు రోజులు ఆగమను!"

"నాయనమ్మా, రెండు నెలలు నువ్వే కదా నేర్పావు."

"పాట నేర్పాన్రా నేను!"

"నమ్మమన్నావు. నమ్మాను," అన్నాడు వాడు, కోపం లేకుండానే.

వాడి వెనకే పిరేయస్ రేవుకి నడిచాను. ఊరి నుంచి రేవుదాకా కట్టిన రెండు గోడల మధ్య దారి పొడవునా జనం వాణ్ణి పోల్చుకుని పేరు పెట్టి పిలిచారు. "తల్లీ, నువ్వే వస్తున్నావా!" అని ఎవడో నవ్వాడు. వాడూ నవ్వాడు. నాకు ఆయాసం వచ్చినా ఆగలేదు.

దెమియాస్ ఓడకు పెద్ద. మా అబ్బాయితో కలిసి ఒకే ఓడలో వెళ్ళి, చెక్క పట్టుకుని బతికి వచ్చినవాడు. నన్ను చూసి పలక దింపి పక్కన పెట్టాడు.

"పిన్నీ, వీణ్ణి ఎవరూ పిలవలేదు, తానే వచ్చాడు. నీకు వీడొక్కడే. నువ్వు సరేనంటే ఎక్కించుకుంటాను, లేదంటే దింపేస్తాను. నీ మాటే."

తెడ్లు పట్టుకున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నిన్న కొండ మీద ఏడ్చినవాళ్ళే వాళ్ళంతా. నేనేం చెబుతానో వాళ్ళకు తెలుసనుకుంటున్నారు. థ్రాసోన్ నా వంక చూశాడు. బాగా చెప్పు, అన్నట్టుగా చూశాడు. రాణి చివరికి పిల్లాణ్ణి వదిలేస్తుంది నాటకంలో.

"దింపెయ్యి నాయనా," అన్నాను.

సరిగ్గా వినపడలేదనుకున్నాడు దెమియాస్. "ఏమన్నావు?"

"దింపెయ్యమన్నాను. నా మనవణ్ణి నాకిచ్చెయ్యి. గోడల సంగతి నువ్వు చూసుకో."

ఎక్కడో ఒకడు నవ్వాడు. తర్వాత చాలామంది నవ్వారు. థ్రాసోన్ డాలు ఎత్తుకుని నిచ్చెన దిగాడు. ఇంటిదాకా నాకు ముందు నడిచాడు, వెనక్కి తిరగలేదు. నాకు మాత్రం ఆ దారి చాలా తేలిగ్గా నడిచినట్టుంది.

ఓడలు నెలలోపే తిరిగొచ్చాయి. వాటిని దూరం నుంచి చూడగానే ఆ ఊరివాళ్ళు గుమ్మాలు తెరిచి, గొర్రెలు కోసి వడ్డించారట. ఒక్కడికి గీత కూడా పడలేదు. అందరూ మేక జున్ను తెచ్చుకున్నారు. దెమియాస్ మాకూ ఒక ముద్ద పంపాడు. థ్రాసోన్ ముట్టలేదు. జ్వరం వచ్చినవాడు కూడా లేచి తిరుగుతూ, వీధిలో వీడు కనిపిస్తే నడుం మీద చెయ్యి వేసుకుని ముసలమ్మలా నడిచేవాడు.

నాతో మాటలు మానేశాడు థ్రాసోన్. "ఉప్పు" అంటాడు, "తలుపు" అంటాడు, అంతే. ఒకే గదిలో ఉండి కూడా నేను వాడి కోసం ఎదురు చూస్తున్నట్టుండేది. అయినా రాత్రిపూట ఊపిరి వినపడుతోంది కదా అనుకునేదాన్ని.

ఆ ఎండాకాలమే పడమట సముద్రం అవతలి సిసిలీ దీవి మీదికి దండెత్తి వెళ్ళాలని సభలో తీర్మానించారు. అంత పెద్ద సైన్యం ఎన్నడూ కదల్లేదని, అది ఓడిపోయే ప్రశ్నే లేదని అందరూ అన్నారు. పలక పెట్టిన రోజు నేనే ముందు చదివాను. నా మనవడి పేరు పైనే ఉంది.

లిసిల్ల నాతోనే ఉంది. ఆవిడకి చదువు రాకపోయినా లోకం తెలుసు.

"ఉత్తరానికి వెళ్ళొచ్చినవాళ్ళని పిలవలేదట అత్తా. వంతు అయిపోయిందిగా వాళ్ళకి. వెళ్ళనివాళ్ళనే ఏరి రాశారు." అనేశాక మావాడు గుర్తొచ్చి, "అయ్యో," అంది.

"చెప్పావులే," అన్నాను.

ఇంటికొచ్చి వాడికి చెప్పాను. "పలకలో నీ పేరుంది." వాడు నమ్మక పరుగెత్తుకుంటూ వెళ్ళి చూసొచ్చాడు. నేను చెరిపేస్తానేమో అని కూడా భయపడ్డాడట. నాకా ఆలోచన రాకపోలేదు గానీ, కాపలావాడు ఉన్నాడు. తిరిగొచ్చాక వాడు గుమ్మంలో నిలబడి, వసంతం తర్వాత మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

"ఈసారి నిన్నెవరూ అడగరు నాయనమ్మా."

"తెలుసురా."

"కోపమా?"

"రొట్టెలు కాల్చాలి, జరుగు."

వెళ్ళేరోజు ఊరంతా రేవుకి దిగింది. ఓడ ఓడకీ బంగారు గిన్నెల్లో ద్రాక్షసారా కలిపి సముద్రంలో పోశారు. ఒక్కడు ప్రార్థన చెబితే ఒడ్డు మీదివాళ్ళూ ఓడల్లోవాళ్ళూ కలిసి అందుకున్నారు. నిచ్చెన ఎక్కబోతూ వాడు వెనక్కి వచ్చాడు. ఏదో పెద్ద మాట చెబుతాడనుకుని మనసు గట్టి చేసుకున్నాను.

"ఎండలో నిలబడకు," అన్నాడు. "ఆ సరుకుల కొట్టు పక్కన నీడ ఉంది."

సరేనన్నాను. తెడ్లు కదలగానే వాడు చెప్పిన నీడలోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడి నుంచి ఓడ కనిపించలేదు. మళ్ళీ ఎండలోకి వచ్చాను.