రెండు గంటల గోడలో నేను

నేను ఒక కరెంటు ప్యానెల్‌ని. 2011 జూన్ తొమ్మిది, గురువారం, నన్ను గోడలో బిగించారు. ఆ మధ్యాహ్నం పనివాళ్లు నా ముందే కూర్చుని కొత్తావకాయ కలిపిన అన్నం తిన్నారు. ఆ ఘాటుకు నాకే నోరూరింది.

పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. లారీ ఎక్కి విజయనగరం చేరాను. అక్కడ కొత్తగా కట్టిన ప్రసూతి ఆసుపత్రిలో నా చోటు. ఇటు దుప్పట్లు దాచే గది, అటు పసిపిల్లల గది, మధ్యలో రెండు గంటలపాటు మంటను ఆపగల గోడ. అలాంటి గోడకు కన్నం పెట్టి నన్ను కూర్చోబెట్టినప్పుడు, పోయిన బలం దానికి మళ్లీ ఇవ్వాలి. నా వెనక మంటకు ఓర్చే పలకలతో పెట్టె కట్టాలి. తీగల గొట్టాల చుట్టూ ఉన్న సందుల్లో, వేడికి ఉబ్బి మూసుకుపోయే ముద్ద కూరాలి.

పెట్టె కట్టారు. సందుల దగ్గరకొచ్చేసరికి తొందర పుట్టింది. మర్నాడే ప్రారంభోత్సవం. గురువులు అనే తాపీమేస్త్రీ, ఇరవై ఏళ్లుగా ప్రతి ఇంట్లో చేసినట్టే సిమెంటు సంచి చింపి, ముక్కలు కుక్కి, పైన అద్దంలా పూత పూసేశాడు. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోశారు. నేనూ పొంగిపోయాను.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ పైడిరాజు వచ్చి పూతను వేలితో తట్టాడు. డొల్లగా మోగింది. సుత్తి తీశాడు.

"ఓరి బాబూ, పూజ సేసినదాన్ని పగలగొడతావేటి?" గురువులు అరిచాడు. "నా పూతకి వంకెట్టినోడు ఈ జిల్లాలోనే లేడు!"

"పూత బాగుంది మావా. లోపల సంచి ఉంది. అగ్గంటుకుంటే అది ఆపుద్దేటి?"

"ఎప్పుడో అంటుకునే అగ్గికి ఇప్పుడే ఏడుపేటి?"

"రేపు నీ మనవరాల్నే ఆ పక్కన పడుకోబెడితే?"

గురువులు కాసేపు గొణిగాడు. తర్వాత తనే ఉలి అందుకున్నాడు. "లే, అవతలికి పో. నువ్వు కొడితే గోడంతా రాలిపోద్ది."

ముద్ద కూరి మళ్లీ పూసేసరికి వెలుతురు తగ్గింది, అంచు కాస్త వంకరగా వచ్చింది. గురువులు పూసిన వంకర పూత అదొక్కటే. నా గర్వమంతా అదే.

పదకొండేళ్లు ఆ గదులకు వెలుగిచ్చాను. మనుషులు బల్బును మెచ్చుకుంటారు. నన్ను తలచుకునేది కరెంటు పోయినప్పుడే. పోనీలెండి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం దుప్పట్ల గదిలో ఎవరో ఇస్త్రీపెట్టె ఆపడం మరిచిపోయారు. మంట నా ముఖం మీదికే వచ్చింది. చివరి పనిగా కరెంటు ఆపేశాను. రంగు పొక్కింది, తలుపు మెలితిరిగింది. ముద్ద మాత్రం ఉబ్బి ఒక్కో సందునూ బిగించేసింది. ఫైరింజను వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటిదాకా అటువైపుకు పొగ కూడా చొరబడలేదు. నర్సులు తడబడకుండా తొమ్మిదిమంది పసివాళ్లనూ బయటికి చేర్చారు. ఇద్దరు నిద్ర కూడా లేవలేదట.

రేపు పైడిరాజు నన్ను ఊడదీసి కొత్తదాన్ని పెడతాడు. నిన్న వచ్చి, మాడిన నా తలుపును అరచేత్తో తుడిచి, "బాగా నిలబడ్డావురా" అన్నాడు. ఇన్నేళ్లలో నాతో ఎవరైనా అన్న మంచిమాట అదే.

ఈ సాయంత్రం పసివాళ్లను మళ్లీ ఆ గదిలోకి తెచ్చారు. మొదట ఒకటే ఏడుపు. తర్వాత ఒక్కో గొంతూ అణిగింది. ఆయా సూరమ్మ అటువైపునుంచి గోడకు చెయ్యి ఆనించి చూసింది. చల్లగానే ఉంది. నా బదులు తాత్కాలికంగా పెట్టిన బ్యాటరీ దీపం తగ్గించి, కీలు కిర్రుమనకుండా తలుపు మెల్లగా దగ్గరికి లాగి మూసింది.