దేవరాటానికి పక్కన నిలబడిన మనిషి

చేతిగుడ్డలు ఇస్త్రీ చేస్తోంది గురువమ్మాళ్. దేవరాటం ఆడేవాళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని ఊపే గుడ్డలవి. ఆడేది మగవాళ్ళు, ఉతికేది ఆడవాళ్ళు. ఎవరు రాసిపెట్టారో మరి. "రేపు విరుదునగర్‌లో పెద్ద వేదిక మీద ఆట, మడత సరిగ్గా ఉండాలమ్మే" అని పొద్దున్నించీ మొగుడు ఆనందరాజ్ ఒకటే సతాయింపు.

ఆమె నాయన ఈ ఆటకి ఉరుమి డోలు వాయించేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూచునే అడుగులన్నీ ఒంటికి పట్టించుకుంది. మొగుడికి ఆటంటే ప్రాణమే, కాదనలేం. ఉరుమి దరువు మలుపు తిరగ్గానే వచ్చే అడుగు మాత్రం మరిచిపోతాడు. అందుకే ప్రతి ఆటకీ వేదిక పక్కన తెర చాటున నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి, ముందే కాలు కదిపి చూపిస్తుంది. ఆయన ఓరకంట చూసి ఆడతాడు. ఆట అయ్యాక శాలువా కప్పించుకుని మైకులో అంటాడు: "చచ్చిపోతున్న మన కంబళత్తార్ కులం ఆటని నేను బతికించాను." వినీ వినీ ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

కూతురు సింధుజకి నేర్పుదాం మామా అని ఒకసారి అడిగింది. "ఆడపిల్ల ఉరుమికి కాలెత్తితే మన పరువేం కావాలే?" అన్నాడు. అత్త పట్టమ్మాళ్ వంటింట్లోంచి అందుకుంది: "ఇంటి పనికే నీ కాళ్ళు చాలడం లేదు, ఇంకా ఆటా?" పోనీలే అని ఊరుకుంది. కానీ నిన్న వాకిట్లో తువ్వాళ్ళు పట్టుకుని ఆడుతున్న పిల్లని, చక్కగా ఆడుతున్న పిల్లని, ఆయన చెయ్యి పట్టి లోపలికి ఈడ్చాడు. పిల్ల ఏడవలేదు. అమ్మ వైపు చూసింది. ఆ చూపుకి గురువమ్మాళ్‌కి సిగ్గేసింది, మొగుడిని చూసి కాదు, తనని తాను చూసుకుని.

విరుదునగర్‌లో ఉరుమి మోగింది. జనం కిక్కిరిసి ఉన్నారు. మలుపు వచ్చేసరికి ఆనందరాజ్ అలవాటుగా తెర వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కాలు తడబడింది, వెనక వరసంతా తడబడింది.

పిల్ల చెయ్యి పట్టుకుని గురువమ్మాళ్ వేదికెక్కి, వరసకి ముందు వచ్చి నిలబడింది.

"ఏమే, చాటుకి పో," అన్నాడు పళ్ళ బిగువున.

"చాటునుంచి చూపించింది చాలు మామా," అంది ఆమె, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటూ. "అడుగు కావాలంటే, అందరూ చూస్తుండగా నా కాళ్ళు చూసి ఆడు."