నాలుగో రౌండు

ఆసియాకు ఆ అడుగులు నాలుగో రౌండులోనే వినిపించేవి.

నరసరావుపేటలో ఆమె ప్రాక్టీసు చేసే కాలేజీ గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగితే పదహారు వందల మీటర్లు. కానిస్టేబుల్ సెలెక్షన్‌కు అంత దూరం పరుగెత్తాలి. మూడు రౌండ్లు బాగానే సాగేవి. నాలుగో దాంట్లో తొడలు మండడం మొదలవగానే, ఎవరో ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వెనకే పరుగెత్తుకొస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆసియా ఆగిపోయేది.

అలా కాలీడ్చి పరుగెత్తేది శ్రీదివ్య ఒక్కతే. రోజూ నాదెండ్ల నుంచి మొదటి బస్సుకు వచ్చి ఆసియాతో కలిసి పరుగెత్తేది. నిరుడు ఫిబ్రవరిలో ఒకరోజు నాలుగో రౌండు ముగించి, "కాళ్ళు మండిపోతన్నయ్యే. గుండె కూడా అదోలా ఉంది" అంది.

"లాక్టిక్ యాసిడ్‌లే. కాసేపు కూర్చో, అదే పోద్ది" అంది ఆసియా నవ్వుతూ.

శ్రీదివ్య కూర్చుంది. ఆసియా నీళ్ళు తెచ్చేసరికి పక్కకు ఒరిగిపోయి ఉంది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

తనన్న ఆ మాట ఆసియా ఎవరికీ చెప్పలేదు.

గ్రౌండులో పరుగు నేర్పే మస్తాన్‌రావు రిటైరైన డ్రిల్లు మాస్టారు. వారం రోజులు చూసి ఒక ఉదయం అడిగాడు.

"ఏందమ్మా, రోజూ అక్కడికే వచ్చి ఆగుతన్నావు?"

"కాళ్ళల్లో యాసిడ్ సార్. నిరుటిది ఇంకా పోలేదు."

మాస్టారు నవ్వలేదు. "అంతకాలం ఉండదమ్మా అది. గట్టిగా పరిగెత్తేటప్పుడు ఊపిరి చాలక కండలో పుడద్ది. ఆగినాక గంటలో దాదాపు అంతా పోద్ది. కొంత కండలే వాడుకుంటయ్యి, కొంత లివర్ మళ్ళీ చక్కెర చేసుద్ది. గుండె కూడా దాన్ని వాడుకుంటది. కూర్చోకుండా మెల్లగా నడిస్తే ఇంకా తొందరగా పోద్ది. మర్నాడొచ్చే నొప్పి వేరే. అది కండ సన్నగా చిరిగితే వచ్చేది."

"కూర్చోమన్నది నేనే సార్" అంది ఆసియా. తర్వాత జరిగిందంతా చెప్పింది.

మాస్టారు ఆమెతో పాటు నాలుగడుగులు నడిచాడు. "కూర్చోబట్టే పోయిందని నేననలేను. కాదనీ చెప్పలేను. ఆమె తల్లికి చెప్పావా?"

చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే నాదెండ్ల వెళ్ళింది. శ్రీదివ్య తల్లి కోటేశ్వరమ్మ వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆసియా ఎదురుగా కూర్చుని, తల దించుకుని అంతా చెప్పింది.

"గుండె అదోలా ఉందని చెప్పిందమ్మా. నేను పట్టించుకోలేదు."

కోటేశ్వరమ్మ చేతులు ఆగాయి.

"పదో తరగతిలో ఒకసారి పడిపోయింది" అంది చివరికి. "గుంటూరు తీసకపోతే గుండెలో తేడా ఉంది, పరుగులు వద్దన్నాడు డాక్టరు. ఉజ్జోగం వస్తదని నేనే పంపించా. ఎవరికీ చెప్పొద్దని కూడా నేనే అన్నా."

ఆసియా తలెత్తి చూసింది.

"పొద్దున్నే మొదటి బస్సు టైముకి గడియ తీసిన చప్పుడవుద్ది. లేచి చూస్తే వేసే ఉంటది" అంది కోటేశ్వరమ్మ. "నీకూ ఏమన్నా ఇనపడద్దా?"

"అడుగులమ్మా. కాళ్ళు మండినప్పుడు."

ఆసియా కొన్ని కాయలు తన వైపు లాక్కుంది. పొద్దుగూకేదాకా కలిసి తొడిమలు తీశారు.

మర్నాడు నాలుగో రౌండులో అడుగులు మళ్ళీ వచ్చాయి. ఆసియా భయపడింది, కానీ తిరిగి చూడలేదు, ఆగలేదు. గీత దాటాక కూర్చోకుండా నడిచింది. వెనక అడుగులూ నెమ్మదించాయి. తొడల్లో మంట కొంచెం కొంచెంగా చల్లారింది. ఆ రోజు నుంచి అదే అలవాటైంది.

సెలెక్షన్ గుంటూరులో జరిగింది. ఆసియా పదహారు వందల మీటర్లూ టైము లోపే పూర్తి చేసింది. గ్రౌండు పక్కన అరగంట నడిచేసరికి కాళ్ళు తేలికపడ్డాయి. అడుగులు మాత్రం బస్టాండు దాకా వచ్చాయి.

అక్కడ నరసరావుపేట బస్సు సిద్ధంగా ఉంది. ఆసియా దాన్ని వదిలి చిలకలూరిపేట బస్సెక్కింది. అక్కడ దిగి నాదెండ్ల వెళ్ళి, ముందుగా కోటేశ్వరమ్మకు చెప్పాలనుకుంది. కిటికీ వైపు జరిగి కూర్చుని, పక్క సీటులో బ్యాగు పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుంది.