యాఖన్ ఇంటి పడవ

పొద్దున్నే రాబ్‌కి మూడు పనులు. ఆవుని పితకాలి. బూడిద కింద కప్పిపెట్టిన నిప్పుని మళ్లీ రాజెయ్యాలి. ఆ తర్వాత గుమ్మంలో నిలబడి జలసంధి అవతలి ఒడ్డుకేసి చూడాలి. ఈ మూడో పని స్కోరవే దీవిలో అందరూ చేసేదే. అవతల ఎక్కడైనా పొగ లేస్తోందేమో చూసుకుని గానీ ఎవరూ టీ తాగరు.

దీవిలో పదకొండు ఇళ్లు. అవతలి ఒడ్డు రాళ్ల మధ్య ఒక్కో ఇంటికీ ఒక్కో పొగచోటు ఉంది. బయటికెళ్లినవాళ్లు తిరిగొచ్చి తమ ఇంటి చోట మంట వేస్తే, ఇవతల ఆ ఇంటి పడవ ఇసక మీంచి జారి, నీళ్లలోకి దిగి, వెళ్లి వాళ్లని తీసుకొస్తుంది. ఇటు నుంచి వెళ్లాలన్నా అంతే, ఇంటివాళ్లు ఎక్కి కూర్చుంటే ఎటు తలుచుకుంటే అటు పోతుంది. పరాయి మనిషి ఒక్కరున్నా మాత్రం బండరాయిలా కదలకుండా పడుంటుంది. ఒకసారి కొత్త పాదిరీగారు పంతానికి పోయి, ఊరిపెద్ద టార్మడ్ వాళ్ల పడవలో మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా కూర్చుని, జలుబు తెచ్చుకుని దిగిపోయారు. కాపరానికొచ్చిన కోడళ్లని ముందు పడవ ఎక్కించి చూస్తారు. కొందరికి వారంలో కదులుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. కిర్స్టీకి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో అత్తగారు విసిరిన మాటల్లో ఒక్కటి కూడా డెబ్బై దాటిన కిర్స్టీ ఇంకా మర్చిపోలేదు. పరాయివాళ్ల కోసం మంగళవారం, శుక్రవారం టపా లాంచీ వస్తుంది. దానికి ఎవరి మీదా ఏ అభిప్రాయమూ లేదు, టికెట్టుంటే చాలు.

రాబ్ కూడా ఆ లాంచీలోనే వచ్చాడు, ఏడేళ్ల వయసులో, మెడలో పేరు రాసిన అట్టముక్కతో. గ్లాస్గో నగరంలో నా అన్నవాళ్లు లేని పిల్లల్ని అప్పట్లో అలా దీవులకి పంపేవారు. యాఖన్, ఓయ్రిక్ దంపతులు సాకుతామన్నారు. గ్లాస్గో గురించి రాబ్‌కి గుర్తున్నది తడిసిన మెట్లు మాత్రమే. అయినా నలభై ఒక్క ఏళ్ల తర్వాత కూడా ఊరికి అతను గ్లాస్గో రాబే.

దిగిన రోజునే పరుగెత్తుకెళ్లి ఆ ఇంటి పడవలో కాలు పెట్టబోయాడు. పడవ పేరు సూలర, ఒక సముద్రపక్షి పేరు. యాఖన్ వాణ్ణి చొక్కా వెనక పట్టుకుని ఎత్తి పక్కన పెట్టాడు. "ఇప్పుడే కాదురా. దానికి నీ వాసన అలవాటు కానీ. టైమొచ్చినప్పుడు నేను చెప్తాగా," అన్నాడు. ఐదో ఏడు చలికాలంలో యాఖన్ ఊపిరితిత్తులకి జబ్బు చేసి పోయాడు. ఆ మాట చెప్పకుండానే పోయాడు.

అప్పట్నుంచి ప్రతి వసంతానికీ రాబ్ సూలరని బోర్లించి తారు పూస్తాడు, పురుగు పట్టిన చెక్క మారుస్తాడు, గాలివానలకి ఎగిరిపోకుండా నాలుగు తాళ్లతో రాళ్లకి కడతాడు. అందులో కాలు మాత్రం పెట్టడు. ఓయ్రిక్ రెండుసార్లు ఎక్కమంది. రెండుసార్లూ అతనికి సరిగ్గా అప్పుడే తప్పిపోయిన గొర్రె గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే భయం. ఎక్కాక అది కదలకపోతే నలభై ఒక్క ఏళ్లకి ఒక్క క్షణంలో జవాబు వచ్చేస్తుంది. జవాబు రాకుండా ఉంటేనే బతకడం సులువని అతని లెక్క.

కిందటేడు ఆకురాలే కాలంలో ఓయ్రిక్ పోయింది. ఆవిడ కన్నకొడుకు నీల్ ముప్పై ఏళ్ల కిందట ఓడల మీద పనికి వెళ్లాడు, ఇరవయ్యేళ్లుగా ఉత్తరం లేదు. ఇల్లూ, దాన్నంటుకున్న పొలమూ ఎవరివన్న ప్రశ్న వచ్చింది. ఊరిపెద్ద టార్మడ్ మాట సూటిగా ఉంటుంది.

"ఒరే రాబ్, ఒక్కసారి ఆ పడవలో కూర్చోరా. కదిలిందా, ఇల్లు నీది. నీ సొమ్మేం పోయింది?"

"పెద్దాయన చెప్పలేదుగా."

"చచ్చినవాడు ఎలా చెప్తాడురా?" అంది కిర్స్టీ. "నువ్విలా మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చో, నీకూ గడ్డం నెరిసింది."

చివరికి ఊరే మెట్టు దిగింది. మే నెల మొదటి శనివారం దాకా ఆ ఇంటివాళ్లెవరూ రాకపోతే, ఇల్లు రాబ్ పేరున రాసేద్దామన్నారు. "హక్కుతో కాదు, జాలితో ఇస్తున్నాం. అది గుర్తుంచుకో," అన్నాడు టార్మడ్. రాబ్ గుర్తుంచుకుంటానన్నాడు. అతనికి అదే పదివేలు.

రేపు శనివారమనగా, శుక్రవారం పొద్దున యాఖన్ ఇంటి పొగచోటు నుంచి పొగ లేచింది.

పొరపడ్డానేమో అని రాబ్ కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. రెండు తెల్లరాళ్ల మధ్య, సరిగ్గా అక్కడే. ఆ చోట ముప్పై ఏళ్లుగా మంట లేదు. నీల్ వచ్చాడన్నమాట. ఊరివాళ్లందరూ పొయ్యిల్లో కాల్చే నల్లమట్టి పెళ్లలు కొయ్యడానికి కొండమీది బురదనేలకి పోయారు. ఒడ్డున తను తప్ప పురుగు లేదు. సూలర నాలుగు తాళ్ల కింద బోర్లాపడి ఉంది. తను చెయ్యాల్సిందేమీ లేదు, లోపలికెళ్లి తలుపేసుకుంటే చాలు. మంట ఆరిపోతుంది, ఇంటి పడవే రానిచోటికి లాంచీలో ఎవరొస్తారు, వచ్చినవాడు వచ్చిన దారిన పోతాడు, రేపటికి ఇల్లు తనదవుతుంది.

లోపలికి వెళ్లాడు కూడా. తలుపు వేసేటప్పటికి కిటికీ పక్కన ఓయ్రిక్ కుర్చీ కనిపించింది. కళ్లు పోయాక కూడా ఆవిడ పొద్దున్నే అందులో కూర్చుని, "మన చోట పొగేమైనా ఉందా నాయనా?" అని అడిగేది. లేదు పెద్దమ్మా అని రాబ్ చెప్పేవాడు. ఏళ్ల తరబడి అలా లేదు లేదని చెప్పీ చెప్పీ, తీరా పొగొచ్చిన రోజున తలుపు వేసుకుంటే ఆ కుర్చీని ఇంక ఏ మొహం పెట్టుకుని చూస్తాడు? తనని తాను తిట్టుకుంటూ ఒడ్డుకి నడిచాడు.

తాళ్లు విప్పాడు. పడవని తిరగేశాడు. పక్కకి జరిగి నిలబడ్డాడు. సూలర కదల్లేదు. ముసల్దయింది, ఓయ్రిక్ కళ్లు పోయాక పదేళ్లుగా నీళ్లు తగల్లేదు, పాపం దానికి దారి మర్చిపోయి ఉంటుందనుకున్నాడు. భుజం ఆనించి నీళ్లలోకి నెట్టాడు. అలా తేలుతూ ఉండిపోయింది. ఎండిన చెక్క ఉబ్బేదాకా పడవ కారక మానదు. సందుల్లోంచి నీళ్లు ఊరి అడుగున చేరడం మొదలైంది. నలభయ్యేళ్లుగా ఒడ్డున కట్టిన ఊళ్లోవాళ్ల పడవల్లో నీళ్లు తోడిన చెయ్యి ఊరుకుంటుందా? డబ్బా అందుకుని, ఒక కాలు తర్వాత ఒక కాలు లోపలికి వేసి, వంగి నీళ్లు తోడసాగాడు. ఏడు డబ్బాలు పోశాక తలెత్తితే ఒడ్డు దూరంగా ఉంది.

దూకెయ్యడానికి లోతెక్కువ. నీల్ కోసం పరుగు అందుకుంది, తను మధ్యలో ఇరుక్కున్నాననుకుని బిక్కచచ్చి కూర్చున్నాడు. సూలర గాలికి ఎదురుగా, చప్పుడు లేకుండా పోతోంది. వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా కనిపించింది. కొండ కింద పదకొండు పొగగొట్టాలు, రాళ్లమీద ఆరేసిన నాచు, తను సున్నం వేసిన గోడ. లాంచీలోంచి ఎన్నోసార్లు చూసిన ఊరే. రేపట్నుంచి ఇది నాది కాదు అనుకున్నాడు.

అవతలి ఒడ్డున నీల్ లేడు. అరవై ఏళ్ల ఆడమనిషి ఒకావిడ కర్రకి మేజోళ్లు తగిలించి మంటకి ఆరబెట్టుకుంటూ, డబ్బాలో టీ కాస్తోంది. రాబ్ పద్ధతి ప్రకారం, మీరు ఎవరి తాలూకు అని అడిగాడు. ఆవిడ పేరు ఇషబెల్. సౌత్ యూయిస్ట్ దీవిలో నేతపని డోనల్ కూతురు. బడిపంతులుగా చేసి ఈమధ్యే మానేసింది. ఇప్పుడు తీరం వెంట ఉన్న ఊళ్లన్నీ నడిచి చూస్తోంది. స్కోరవే చూద్దామని వస్తూ వాగులో కాలేసింది. రెండు తెల్లరాళ్లు గాలికి అడ్డుగా కనిపించాయి, అక్కడ మంట వేసింది. యాఖన్ పేరు కూడా ఎప్పుడూ వినలేదు.

వచ్చింది ఎలాగూ వచ్చాం కదా అని రాబ్ ఆవిణ్ణి పడవలో కూర్చోబెట్టి ఎదురుగా తనూ కూర్చున్నాడు. సూలర కదల్లేదు. ఇద్దరూ కాసేపు మర్యాదగా సముద్రాన్ని చూశారు.

"నేను మరీ అంత బరువుంటానా?" అంది ఇషబెల్.

"బరువు గురించి కాదండీ. దీనికి మీరు పరాయివాళ్లు. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది? మా అమ్మమ్మ వాళ్ల ఆవు కూడా ఇంతే, ఊళ్లో ఎవరు అబద్ధమాడినా పాలిచ్చేది కాదు. నేను లాంచీలో వస్తాలే," అని దిగింది. ఆవిడ రెండో కాలు ఇంకా గాల్లో ఉండగానే సూలర ఇంటికేసి తిరిగింది.

దారంతా రాబ్‌కి ఒకటే ఆనందం. నీల్ రాలేదు, ఇల్లు పోలేదు. ఇంకే ఆలోచనా అతని బుర్రలోకి రాలేదు. నీళ్లు తోడుతూ, చిన్నగా ఈల వేస్తూ వచ్చాడు.

కొండమీంచి పడవని చూసి ఊరంతా పరుగున దిగొచ్చింది. టార్మడ్ చేతిలో పెళ్లలు కోసే పార అలాగే ఉంది.

"నీల్ ఏడి?"

"నీల్ కాదు. యూయిస్ట్ నుంచి ఒకావిడ మేజోళ్లు ఆరబెట్టుకుంటోంది. సూలర ఆవిణ్ణి ఎక్కించుకోలేదు."

టార్మడ్ ఖాళీ పడవని చూశాడు, మోకాళ్లదాకా తడిసిన రాబ్‌ని చూశాడు. "మరి అంత దూరం ఎవరి కోసం వెళ్లిందిరా?"

రాబ్ తనని తాను కిందికి చూసుకున్నాడు. చేతిలో నీళ్లు తోడే డబ్బా ఉంది. కాళ్లు పడవలోనే ఉన్నాయి. అందరి ముందూ సిగ్గు లేకుండా కన్నీళ్లు కారిపోయాయి.

"పెద్దాయన చెప్పలేదు," అన్నాడు.

"మర్చిపోయుంటాడు," అంది కిర్స్టీ. "తన పెళ్లిరోజే మర్చిపోయి చేపలకి పోయిన మనిషి. ఆయన మతిమరుపుకి నువ్వు నలభయ్యేళ్లు కాపలా కాశావు."

టార్మడ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రేపు మీటింగు అక్కర్లేదన్నాడు. జాలి అన్న మాట తను వెనక్కి తీసుకుంటున్నానని కూడా అన్నాడు. ఆ మనిషి ఏదైనా వెనక్కి తీసుకోవడం ఊరు చూడ్డం అదే మొదటిసారి.

"ఏడుపు తర్వాత," అంది కిర్స్టీ. "మూడింటి లాంచీకి ఆవిడ దిగుతుంది. మీ ఇంటి చోట మంట వేసింది కాబట్టి మీ ఇంటి చుట్టం. ఓట్స్ రొట్టె ఉందా, చెయ్యాలా?"

నలభై ఒక్క ఏళ్లుగా అందరూ దాన్ని యాఖన్ ఇల్లనే అన్నారు. రాబ్ కూడా అలాగే అన్నాడు.

"ఎవరింటి చుట్టం?" అని అడిగాడు.

"మీ ఇంటి చుట్టం," అంది కిర్స్టీ, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా.

రాబ్ మొహం తుడుచుకుని, పడవ దిగి, రొట్టె చెయ్యడానికి ఇంటికెళ్లాడు.