అద్దం ముందు చోటు

కలకత్తా బాబూఘాట్ జెట్టీ గుంజకి తాడు బిగించగానే బైరాగి లాంచీ కేబిన్ అద్దంవంక చూశాడు. ఆవిరి పట్టలేదు. గంగమీద ఇంత మంచు కమ్ముకుని ఉంటే, లోపల మనిషి ఊపిరి తీస్తుంటే, అద్దానికి చెమ్మైనా అంటకపోవడమేమిటి! అతనికి ఒళ్ళు మండింది.

నిరుటి చలికాలం దాకా ఆ అద్దం బైరాగిది. నూనెడబ్బా కోసి చేసిన కుంపటిలో బొగ్గులు రాజేసి, లాంచీ నడిపే ఆశిష్ కాళ్ళ దగ్గర పెట్టేవాడు. కిటికీలన్నీ మూసి, పక్కనే గొంతుక్కూర్చుని, పాతపంచె గుడ్డతో అద్దం తుడిచేవాడు. తుడిచిన చోటే మళ్ళీ కమ్మేది. కమ్మాలనే అతని కోరిక. "బైరాగీదా, అద్దం!" అని ఆశిష్ బెంగాలీలో అన్నని పిలిచినట్టు పిలిస్తే ప్రాణం లేచొచ్చేది. పొగకి దగ్గు పట్టుకుంది. పడితే పట్టింది! మిగతావాళ్ళు బయట వణుకుతుంటే తను లోపల ఉన్నాడు కదా.

ఈ యేడు ఇమ్మానుయేలు దాపురించాడు. హౌరా పక్క లిలువాలో బైరాగి పక్కింటివాడే. ఇంజను గదిలో పని ఇప్పించింది కూడా బైరాగే. వచ్చినవాడు తిన్నగా ఉన్నాడా? పాతకారు హీటరు ఒకటి తెచ్చి కేబిన్లో బిగించాడు. ఇంజనులో కాగిన నీళ్ళు గొట్టంగుండా దాంట్లోకి వస్తాయి, చిన్న ఫ్యాను ఆ వేడిని అద్దంమీదికి కొడుతుంది. చెమ్మ బయటికి పోవడానికి పక్క కిటికీ కాస్త తెరిచి ఉంచుతాడు. కుంపటి అక్కర్లేకపోయింది, గుడ్డా అక్కర్లేకపోయింది. ఆశిష్ వాడి భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో బైరాగి భుజం ఎన్నడైనా తట్టాడా? ఇంట్లో పెళ్ళాం అప్పమ్మ కూడా, "ఆడిది ఏటి బుర్రో!" అంటూ అన్నం వడ్డించింది. బైరాగి కంచం తోసేసి లేచిపోయాడు.

ఆశిష్ టీ తాగడానికి జెట్టీమీదికి దిగాడు. బైరాగి చప్పున కేబిన్లో దూరి, తన పాతగుడ్డని హీటరు మూతిలో కుక్కి, కిటికీ మూసేసి వచ్చాడు.

నది నడిమికి వచ్చేసరికి అద్దం తెల్లబడింది. బైరాగి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇప్పుడు పిలుస్తాడు, పిలవక చస్తాడా!

"ఇమ్మానుయేల్!" అని అరిచాడు ఆశిష్, వేగం తగ్గించి హారన్ కొడుతూ.

ఇమ్మానుయేలు పరుగున వచ్చి గుడ్డ లాగాడు. అది ఎవరిదో వాడికి తెలుసు. బైరాగి ముఖంలోకి చూసి, గుడ్డ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఎలకలు మావా. ఏటేటో లాక్కొచ్చేస్తన్నాయి."

నాలుగు తిట్టినా పోయేది. ఆ మంచితనానికి బైరాగి కడుపు ఇంకా రగిలింది.

అద్దం తేటపడగానే ఆశిష్ వెనక్కి తిరిగి, బైరాగిని లోపలికొచ్చి కూర్చోమన్నాడు. ఆ దగ్గు చూడలేకే పొగ మానిపించమని ఇమ్మానుయేలుకి చెప్పానన్నాడు. హీటరు పక్కన పెట్టెచెక్కలతో చేసిన కొత్త పీట, దానిమీద మడతపెట్టిన గోనెపట్టా చూపించాడు. "నీకోసమే చేశాడు, దాదా."

నా దగ్గు సంగతి నాతో అనకుండా వాడితో ఎందుకన్నావని అడగాలనిపించింది బైరాగికి. కానీ ఇమ్మానుయేలువైపు తిరిగాడు.

"నువ్వే కూకో. నాను బయటుంటాను."

"సలి మావా!"

"సలైతే నాకు. నీకేటి?"

బైరాగి లాంచీ ముందుభాగాన తాళ్ళచుట్టమీద, కేబిన్‌కి ఎదురుగా కూర్చుని మంకీక్యాప్ కిందికి లాక్కున్నాడు. అద్దంలోంచి వాళ్ళిద్దరూ స్పష్టంగా కనిపిస్తున్నారు. ఆశిష్ ఏదో అన్నాడు, ఇమ్మానుయేలు తలూపాడు. ఏమంటున్నారో! నా గురించేనా? దగ్గుతెర వచ్చింది. గుండెలో ఏదో పట్టేసినట్టైతే చేత్తో అదుముకున్నాడు. కళ్ళు మాత్రం అద్దంమీంచి తిప్పలేదు.

హౌరా జెట్టీ దగ్గరికొచ్చింది. ఆశిష్ హారన్ కొట్టాడు. తాడు పడలేదు. మళ్ళీ కొట్టాడు.

"మావా! తాడు!" అంటూ ఇమ్మానుయేలు వచ్చి భుజం పట్టుకున్నాడు. బైరాగి ఒక పక్కకి ఒరిగిపోయాడు. ఊపిరి లేదు.

లాంచీ కట్టింది ఇమ్మానుయేలే. జనం దిగి దారిచ్చారు. ఆశిష్, ఇమ్మానుయేలు కలిసి అతన్ని జెట్టీ బల్లమీదికి మోసుకెళ్ళారు. "అత్తా, ఓపాలి హౌరా రాయే," అని ఇమ్మానుయేలు ఫోనులో అప్పమ్మకి చెబుతున్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేకపోతున్నాడు.

కేబిన్లో ఫ్యాను ఎవరూ ఆపలేదు. పీటమీద గోనెపట్టా వెచ్చగా ఉంది.