ఇరవయ్యో కప్పు

నేను ఒక ఎలక్ట్రోడ్‌ను. పేరు ఘనంగానే ఉంది గానీ, చూపుడువేలంత కడ్డీ, దాని కొసన కందిపప్పు బద్దంత నల్లటి మొహం, అంతే నేను. ఏ దేశంలోనో పుట్టాను. హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో రెండేళ్ళు చాకిరీ చేసి, పాత యంత్రంతోపాటు గుంటూరులోని ఈ మందుల పరీక్షశాలకు చేరాను.

ఇక్కడ నా పని రుచి చూడటం. యంత్రం చెయ్యి నన్ను వరసగా ఇరవై కప్పుల్లో ముంచి, కాస్త కరెంటు పంపుతుంది. కప్పులో యాంటీబయాటిక్ ఉంటే తెరమీద గీత కొండలా లేస్తుంది. లేకపోతే నేలబారుగా పోతుంది. మొదటి కప్పులో మాత్రం నికార్సైన మందు పోస్తారు, నేను సరిగ్గా ఉన్నానో లేదో చూడటానికి. మనుషులకు యంత్రమంటే మహా నమ్మకం, తాము అనుకున్నదే చెప్పినంతసేపూ.

ఆ సోమవారం ఇంజక్షను సీసాలు వచ్చాయి. ఇక్కడ పరీక్షలు చేసే తబిత అందులోని పొడి కరిగించి మిగతా కప్పుల్లో పోసింది. మొదటి కప్పులో కొండ లేచింది. రెండో కప్పులో దిగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడోదీ అంతే. ఇరవయ్యోదీ అంతే. అమ్మో, అంత ఖాళీ నేనెన్నడూ ఎరగను. భయమేసింది.

పెద్దాఫీసరు పానకాలరావుగారు తెర చూసి తేలిగ్గా నవ్వారు. "మొదటి కప్పు తర్వాత దాని మొహం మాసిపోతంది లేమ్మా. రుద్ది మళ్ళీ పెట్టు."

ఈ ఇంట్లో అదే ఆచారం. గీత లేవకపోతే మందును కాదు, నన్నే అనుమానిస్తారు. తడిగుడ్డమీద తెల్లపొడి చల్లి తబిత నన్ను గుండ్రంగా రుద్దింది. మంగళవారం రుద్దింది. బుధవారం రుద్దింది. లేదు తల్లీ, అందులో ఏమీ లేదు అని నేను గీతలు గీస్తూనే ఉన్నాను.

గురువారం పొద్దున తబిత ఒక సీసాతో వచ్చింది. వాళ్ళ వదిన సలోమి కాన్పయి ఆస్పత్రిలో ఉంది, ఐదు రోజులుగా జ్వరం. వార్డులో ఆమెకిస్తున్న సీసా అది. దానిమీద మేం పరీక్షిస్తున్న సీసాల బ్యాచి నంబరే ఉంది.

ఆ రోజు తబిత ఒక పని చేసింది. నికార్సైన మందు మొదటి కప్పులోనే కాదు, ఇరవయ్యో కప్పులో కూడా పోసింది. నడుమ కప్పుల్లో వార్డు సీసాలోది పోసింది. నా మొహం నిజంగా మాసిపోతే అక్కడ నోరు పెగలకూడదు కదా. నడుమ పద్దెనిమిది కప్పులూ నిశ్శబ్దం. ఇరవయ్యో కప్పులో కొండ నిటారుగా లేచింది.

"మళ్ళీ ఒకసారి రుద్ది..." అన్నారు పానకాలరావుగారు.

"రుద్దను సార్!" అని తబిత ఫోను అందుకుంది. "అన్నా, ఆ ఇంజక్షను ఆపించు!"

"కంగారు పడమాకు చెల్లెమ్మా," అవతల అన్న గొంతు హాయిగా ఉంది. "జ్వరం దిగింది. ఒళ్ళు చల్లగా ఉంది. ఇందాకట్నుంచీ నిద్రపోతంది. పసోడు ఏడుస్తన్నా లేవట్లేదు."

తబిత కెవ్వుమంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తింది.

సలోమి లేవలేదు.

పదో రోజున తబిత పనిలోకి వచ్చింది. పానకాలరావుగారు రిపోర్టు తయారుచేసి ఉంచారు. సీసాల్లో మందు లేదని స్పష్టంగానే రాశారు. "సంతకం పెట్టమ్మా," అన్నారు, మొహం చూడకుండా.

తబిత కలం తీసి ఆగింది.

"తేదీ ఏం వెయ్యమంటారు సార్? సోమవారందా, గురువారందా?"