పందొమ్మిదో స్లైడు

యంత్రం సూదులు చివరి గాజు స్లైడు మీద చుక్కలు పెట్టి ఆగేసరికి పదకొండయింది. అబ్రహాము మూత ఎత్తి ఇరవై స్లైడులనూ వరుసగా చూసుకున్నాడు. మూడు వారాల కిందట వాటిని క్షారంలో నానబెట్టి, కడిగి, మందు పూత పట్టించి ఆరబెట్టింది ఆయనే. ఇప్పుడు ఒక్కోదాని మీద కంటికి ఆనీ ఆనని వేల చుక్కలు, చుక్కకో డీఎన్ఏ ముక్క. నాగాయలంక చెరువుల్లో రొయ్యలకు ఏ జబ్బు తగిలిందో అవే చెప్పాలి.

నోటి తుంపర పడితే స్లైడులు పాడవుతాయని ఆ గదిలో ఎవరూ మాట్లాడరు. బందరులోని ఈ రొయ్యజబ్బుల లాబ్‌లో అబ్రహాముకు నచ్చింది అదే. మూడో తరగతితో బడి మానేసి, గిలకలదిండి రేవులో ముప్ఫై ఏళ్లు వలలు బాగుచేసిన వేళ్లు చూసి పన్నెండేళ్ల కిందట ఆయన్ని పనిలోకి తీసుకున్నారు. భార్య రత్నకుమారి పోయాక ఇంట్లోనూ మాట లేదు. ఇక్కడి మౌనానికైతే ఒక కారణముంది.

చుక్కలు గాజుకు సమంగా అతుక్కోవాలంటే ఇక ఆవిరి పట్టాలి. మరిగే నీళ్ల మీద స్లైడును బోర్లా పట్టి, ఆరిన చుక్కలు తడిసి మెరవగానే వేడి రేకు మీద వెల్లకిలా పెట్టాలి. క్షణం ఆలస్యమైతే చుక్కలు ఒకదాన్లో ఒకటి కలుస్తాయి. లేని జబ్బు ఉన్నట్టు కనబడితే, రైతు హడలిపోయి ఎదగని రొయ్యనే పట్టి అమ్మేస్తాడు.

రెండు నెలలుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ గది కూడా ఉండదు.

పద్దెనిమిది గట్టెక్కాయి. పందొమ్మిదోదానికి చెయ్యి అదిరింది. రేకు మీద పెట్టేసరికే ఒక మూల చుక్కలు అలుక్కుపోయాయి. మిగతావాటితో పాటు పెట్టెలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. గాడిలోకి సగం దించాడు. తర్వాత పైకి తీసి బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లి లాబ్ అధికారిణి జెస్సీ తలుపు తట్టాడు.

"జెస్సమ్మా, ఒకసారి ఇటు రా."

"బాబాయ్ గారూ, మీరు నోరు విప్పారా! ఇవాళ బందరు మునిగిందే!"

"ఒకటి పోయింది. చెయ్యి ఆగట్లా."

"ఇరవైలో ఒకటేగా, పారేద్దాం లెండి."

"రేపు రెండు పోతయ్. దాన్ని పెట్టెలో పెట్టబోయా కూడా" అన్నాడు.

జెస్సీ నవ్వు ఆగిపోయింది.

గదిలోకి తీసుకెళ్లి ఇరవయ్యోదాన్ని ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె ఆవిరి మీద పట్టింది. అబ్రహాము గాజులోంచి చుక్కలనే చూస్తూ, అవి మెరవగానే ఆమె మోచేతిని వేలితో తట్టాడు. రేకు మీద పెట్టింది. ఒక్క చుక్కా చెదరలేదు.

ఆయన చేతొడుగులు విప్పాడు. పందొమ్మిదోదాన్ని ఒకసారి తీసి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

వసారాలో చెప్పులు తొడుక్కుంటుంటే జెస్సీ వెనకే వచ్చింది. "రేపు రారా బాబాయ్ గారూ?"

"వచ్చి ఏం చేసేదమ్మా?"

ఎండలో బస్టాండు వైపు నడిచాడు. ఆమె లోపలికి వచ్చేసరికి బల్ల మీద ఆ స్లైడు ఒక్కటే ఉంది. పన్నెండేళ్లలో ఏ గాజు మీదా పడని ఆయన బొటనవేలి ముద్ర దాని అంచున తేమగా ఉంది.